నలభై ఒకటో నంబరు చొక్కా

శాంతిని పోయిన వారం ఎక్కడ వదిలేశామో మీకు గుర్తుండే ఉంటుంది. లేకపోతే నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

గుంటూరులో విచారణ హాలు. పొడుగాటి బల్లకు ఒక కొసన అధ్యక్షుడు లాల్ అహ్మద్ గారు, ఎడమ పక్క మన శాంతి, కుడి పక్క కంపెనీ మేనేజరు చైతన్యకృష్ణ. బల్ల మధ్యలో ‘పచ్చబలం’ అనే పైరు మందు సీసా. అందులో సముద్రపు నాచు, వేపరసం తప్ప మరేమీ లేవని దాని మీద అచ్చేశారు. మిరప చేలల్లో నల్ల తామర పురుగు ఒక్క రాత్రిలో రాలిపోతుంటే, వేపరసానికి ఇంత పౌరుషం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరికైనా అనుమానం రావాలి. పైరు నిలబడిందన్న సంతోషంలో ఎవరికీ రాలేదు. ఒక్క శాంతికి వచ్చింది. ఆమె చదివిన చదువే అది. మందు ఒంట్లోకి పోతే జన్యువులు ఏం చేస్తాయో చూసి, ఆ మందు మనిషికి ఎంత ప్రమాదమో చెప్పడం ఆమె పని.

అరవై రోజులుగా పచ్చబలం అమ్మకం ఆపేశారు. ఆ గడువు ఈ రోజు సాయంత్రం ఐదింటికి తీరిపోతుంది. శాంతి నివేదిక నిలబడితే నిషేధం కొనసాగుతుంది. పడిపోతే రేపు పొద్దున్నే ఆ సీసా రెండు జిల్లాల దుకాణాల్లోకి తిరిగొస్తుంది. సరిగ్గా అక్కడే చైతన్యకృష్ణ లేచి నిలబడి, యాలక్కాయ తొక్క వలుస్తూ ఒక ప్రశ్న అడిగాడు.

“నలభై ఒకటో నంబరు సంగతేంటి డాక్టరుగారూ?”

ఆ ప్రశ్న వస్తుందని శాంతికి నెల రోజులుగా తెలుసు. తెలిసీ జవాబు దొరకలేదు.

“నాకు కొంచెం అర్థమయ్యేలా చెప్పండమ్మా,” అన్నారు లాల్ అహ్మద్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ. ఆయన నెమ్మదస్తుడు. నెమ్మదిగా అడుగుతారు గానీ అడిగింది వదలరు. “మొదటి నలభై నంబర్లు ఎవరివి, ఆ తర్వాతవి ఎవరివి?”

“ఒకటి నుంచి నలభై దాకా చేలో మిరపకాయలు కోసే ఆడవాళ్లు సార్. మందు కొట్టిన చేలో రోజంతా ఉంటారు. నలభై ఒకటి నుంచి అరవై దాకా కోల్డ్ స్టోరేజీలో కూర్చుని కాయలకు తొడిమలు తీసేవాళ్లు. వాళ్లు చేలోకి పోరు. అందరి రక్తమూ తీసుకున్నాం.”

“రక్తంలో మందు దొరికిందా?”

“దొరకలేదు సార్. మామూలు పరీక్ష జాబితాలో ఉన్న మందుల్నే వెతుకుతుంది. ఇది జాబితాలో లేదు. అందుకే మందుని వెతకడం మానేసి ఒంటిని అడిగాం.”

చైతన్యకృష్ణ నవ్వాడు. శాంతి పట్టించుకోలేదు.

“ఊళ్లోకి కొత్తవాడు వస్తే కుక్కలు మొరుగుతాయి సార్. వాడు మన కంటికి కనపడకపోవచ్చు. కానీ ఏ వీధి కుక్క ముందు మొరిగింది, ఏది తర్వాత మొరిగింది అన్నదాన్ని బట్టి వాడు ఎటునుంచి వచ్చాడో తెలుస్తుంది. ఒంట్లో జన్యువులూ అంతే. ప్రయోగశాలలో మనిషి కాలేయ కణాల మీద పచ్చబలం కొద్దికొద్దిగా పెంచుకుంటూ వేశాం. ఏ మోతాదు దగ్గర ఏ జన్యువు రేగిందో, ఏది అణిగిందో రాసుకున్నాం. మొత్తం నూట పన్నెండు. అదే వరసలో, అవే నూట పన్నెండు, కాయలు కోసే నలభై మందిలో ముప్పై ఆరు మందికి కదిలాయి. ఇది ఇంకా జబ్బు కాదు సార్. జబ్బుకు ముందు ఒళ్లు చెబుతున్న మాట. ఇప్పుడు వింటే మందు ఆపితే సరిపోతుంది. వినకపోతే నాలుగేళ్ల తర్వాత కాలేయాలు చూసుకోవాలి.”

“కుక్కలు గాలికి కూడా మొరుగుతాయి డాక్టరుగారూ,” అన్నాడు చైతన్యకృష్ణ.

“మొరుగుతాయి. అందుకే తొడిమలు తీసేవాళ్లని తీసుకున్నాను. మిరప ఘాటుకి కూడా కొన్ని జన్యువులు రేగుతాయి. రోజంతా ఆ ఘాటులోనే ఉండి, మందు మాత్రం తగలనివాళ్లు కావాలి. వాళ్లలో కదిలిందంతా ఘాటు లెక్కలో తీసేస్తే, మిగిలింది మందు లెక్క.”

“మంచిది. మరి ఆ మందు తగలని ఇరవై మందిలో ఏడుగురికి ఇవే నూట పన్నెండు ఎందుకు కదిలాయి?” అతను నివేదిక చివరి పేజీ తిప్పి లాల్ అహ్మద్ గారి ముందుకు జరిపాడు. “అందులో నలభై ఒకటో నంబరు చూడండి సార్. అరవై మందిలోకీ అందరికంటే ఎక్కువ ఆమెకే. చేను ముఖం చూడని మనిషికి! మా పచ్చబలం కోల్డ్ స్టోరేజీ గోడలు దూకి వెళ్లి ఆమెను పట్టుకుందంటారా?”

అతని పక్కనున్న గుమాస్తా కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు.

“ఎండు కాయల మీద అంటుకున్న మందు కావచ్చు గదా?” అన్నారు లాల్ అహ్మద్ గారు.

ఆయన తనకు చెయ్యి అందిస్తున్నారని శాంతికి తెలుసు. ఆ చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది. కానీ అబద్ధం చెప్పి గెలిచే అలవాటు ఆమెకు లేదు, ఉంటే ఈ ఉద్యోగం ఎప్పుడో సుఖంగా ఉండేది.

“కాదు సార్. కాయల మీదదే అయితే ఇరవై మందికీ రావాలి. ఒకే కుప్ప చుట్టూ కూర్చుంటారు వాళ్లు.”

“అయితే ఎందుకు?”

“తెలీదు సార్.”

చైతన్యకృష్ణ మరో యాలక్కాయ నోట్లో వేసుకుని, డబ్బీ మర్యాదగా ఆమె వైపు కూడా చాపాడు. ఆమె తీసుకోలేదు.

“పదిహేను నిమిషాలు టీ తాగుదాం,” అని లాల్ అహ్మద్ గారు గడియారం చూశారు. మూడు దాటి పది నిమిషాలైంది. “ఆ తర్వాత కూడా తెలీదంటే నేను చేయగలిగింది లేదమ్మా.”

శాంతి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. టీ తాగబుద్ధి కాలేదు. ఏడుపు వచ్చేలా ఉంది, రాలేదు. అరవై మంది ఆడవాళ్లు ఆమెను నమ్మి చేతులు చాపారు. సూది గుచ్చుతుంటే కళ్లు మూసుకుని, “మాకేమన్నా ఉంటే చెప్తావు గదమ్మాయ్” అన్నారు. వాళ్లకు చెప్పాల్సింది ఇప్పుడు ఇదేనా, తెలీదని?

మెట్ల దగ్గర ఏదో గొడవ వినపడింది.

“చొక్కాతో లోపలికి పోగూడదమ్మా. ఇది ఆఫీసు. తీసేసి రా.”

“ఏం, చొక్కా ఏసుకుంటే ఆడదాన్ని కాకుండా పోతానా? పనిలోంచి పరిగెత్తుకొస్తన్నా. శాంతమ్మ రమ్మంది, సాక్ష్యానికి.”

మల్లేశ్వరి. తొడిమలు తీసే ముఠాకు మేస్త్రి. యాభై ఏళ్ల మనిషి. నల్లపాడు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ నుంచి ఆటోలో వచ్చినట్టుంది, తల మీద ఇంకా మిరప ధూళి ఎర్రగా ఉంది. చీర మీద మోచేతులు దాటి వేళ్ల దాకా దిగిన మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా. సెక్యూరిటీ అతన్ని మనసారా తిట్టుకుంటూ గుండీలు తీస్తోంది.

శాంతి ఆ గుండీల వంకే చూస్తూ ఉండిపోయింది.

మన మిరప నేలలో ఇది కొత్త సంగతి కాదు. కోతకు పోయినా, తొడిమలకు పోయినా ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు. లేకపోతే సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. ఎవరూ దాన్ని గురించి మాట్లాడరు, ఎవరూ దాన్ని చూడను కూడా చూడరు. శాంతి వాళ్లమ్మ కూడా పర్చూరు పక్క చేలల్లో అలాంటి చొక్కాతోనే పనిచేసి కూతుర్ని చదివించింది.

“పిన్నీ,” అంది శాంతి. “ఆ చొక్కా ఎవరిది?”

“ఎవరిదేంది? మీ బాబాయిదే.”

“బాబాయి మందు కొడతాడా?”

“కొట్టకేం, తైవాన్ పంపు భుజానేసుకుని పొద్దున్నే పోతాడు. మనకు చేను లేదుగా, ఎవరు పిలిస్తే వాళ్ల చేలో కొడతాడు. అమ్మకం ఆపకముందు వాళ్లు కొని పెట్టుకున్న పచ్చబలమే ఇంకా కొట్టిస్తన్నారు. మద్దేనానికి ఇంటికొచ్చి ఇప్పి దండెం మీదేస్తాడు. ఆరినాక మర్నాడు పనికి నేను తొడుక్కుంటా.”

“ఉతకవా?”

“రోజూ ఉతుకుతారా ఎవరన్నా? తెల్లారి మళ్లీ ఎటూ ఖరాబయ్యేదే. ఆదివారం ఉతుకుతా.” మల్లేశ్వరి చొక్కా మడిచి చంకలో పెట్టుకోబోయింది.

“పెట్టుకోకు!” శాంతి అరిచినంత పని చేసింది. “కింద పెట్టు పిన్నీ. నీకు నీ రక్తపరీక్ష కాగితం అందింది గదా, అందులో తేడా ఉందని పెట్టే ఎర్ర చుక్క ఉందా?”

“ఉంది. నాకూ, ఇంకో ఆరుగురికీ ఉంది. మొన్న కాగితాలొచ్చిన్నాడు అందరం కలిసి చూసుకున్నాం. మిగతావాళ్లకు లేదు.”

“ఆ ఆరుగురి మొగుళ్లు ఏం చేస్తారు?”

మల్లేశ్వరి వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. మూడో వేలు దగ్గరికి వచ్చేసరికి ఆమెకే అర్థమైంది. చేతిలో చొక్కా మెట్ల మీద జారిపోయింది.

“అమ్మనాయనో,” అంది. “లెక్కపెట్టినోళ్లంతా మందు కొట్టేవాళ్లే.”

శాంతికి ముందు సంతోషం రాలేదు, సిగ్గు వచ్చింది. రక్తం తీసుకునేటప్పుడు నలభై రెండు ప్రశ్నలు అడిగింది ఆమె. చేలోకి పోతారా, మందు కలుపుతారా, నీళ్లు ఎక్కడివి తాగుతారు, వక్క నములుతారా. ఎవరి చొక్కా తొడుక్కుంటారు అని అడగలేదు. విదేశీ పత్రికల్లో చూసి రాసుకున్న ప్రశ్నలవి. అక్కడి ఆడవాళ్లు మొగుడి చొక్కాతో మిరపకాయలు ఒలవరు. పర్చూరు పిల్లకు తెలియాల్సిన సంగతి అది. తెలుసు కూడా. ఎదురుగా అరవై చొక్కాలు కూర్చుంటే ఒక్కటీ కనపడలేదు.

ఆమె ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, చెయ్యి తగలకుండా చొక్కాను అందులోకి తోసింది. హాల్లోకి నడిచింది.

పావుగంట తర్వాత ఆ కవరు పచ్చబలం సీసా పక్కనే ఉంది. మల్లేశ్వరి కుర్చీ అంచున కూర్చుని, అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పింది. లాల్ అహ్మద్ గారు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“బుధారం మందు కొట్టిన చొక్కా గురువారం నా ఒంటి మీద సారూ. ఎనిమిది గంటలు కూర్చుంటాం. చెమట పడుతుంది. తడిసి ఒంటికి అంటుకుపోతుంది.”

“అర్థమైందమ్మా,” అన్నారాయన. అనేటప్పుడు ముఖం అదోలా పెట్టారు.

చైతన్యకృష్ణ మాత్రం కంగారు పడలేదు. అలాంటివాళ్లకు కంగారు బయటికి రాదు. “ఏడుగురి పేర్లూ చెప్పమనండి సార్. ఏడుగురి భర్తలూ మందు కొట్టేవాళ్లేనా?”

“పేర్లు చెప్పాల్సిన అవసరం లేదు,” అంది శాంతి గబుక్కున. “అవి రహస్యంగా ఉంచుతామని మాట ఇచ్చాం.”

“దాపరికం ఏముందిలే అమ్మాయ్, వాళ్లే చెప్పమన్నారు,” అంటూ మల్లేశ్వరి మొదలుపెట్టింది. ఆరు పేర్లు వచ్చాయి. ఆరుగురి మొగుళ్లూ పంపు భుజాన వేసుకునేవాళ్లే. ఏడో పేరు దగ్గర ఆమె ఆగింది.

“ఏడో ఆమె?” అన్నాడు చైతన్యకృష్ణ.

“మా రాజేశ్వరి. మాలో మొదటి నంబరు దానిదే, నలభై ఒకటి. దానికి ఇంట్లో...” మల్లేశ్వరి శాంతి వైపు చూసింది. తప్పు చేశానా అన్నట్టు. “దాని మొగుడు కోటిలింగం పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో మగమనిషే లేడు.”

గుమాస్తా బిల్లుల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

“సార్,” చైతన్యకృష్ణ గొంతు తియ్యగా మారింది. “పచ్చబలం మార్కెట్లోకి వచ్చింది పోయినేడాది జూన్‌లో. బిల్లులు మీ ముందే ఉన్నాయి. ఈ రాజేశ్వరిగారి భర్త దానికి ముందే కాలం చేశారు. ఇంట్లో మందు కొట్టే మగవాడు లేడు, చొక్కా లేదు. అయినా అందరికంటే ఎక్కువ ఆమెకే. ఆరుగురికి కుదిరి, అసలు మనిషికి కుదరని కథ ఇది.”

లాల్ అహ్మద్ గారు కాగితాలు మరోసారి తిరగేశారు. తర్వాత కలం మూత పెట్టారు.

“ఏడుగురూ ఈ రోజు తొడుక్కున్న చొక్కాలు సాయంత్రం ఐదింటిలోపు ఈ బల్ల మీదికి రావాలి. రెండు పక్షాల మనుషులూ కలిసి వెళ్లి, సీలు వేసి తేవాలి. వస్తే పరీక్షకు పంపుతాను, ఫలితం వచ్చేదాకా అమ్మకం ఆపే ఉంచుతాను. గుర్తుంచుకోండి, ఏడు రావాలి. ఆరు వస్తే నిషేధం ఎత్తేస్తాను. నలభై ఒకటో నంబరుకు జవాబు లేకుండా నేను సంతకం పెట్టలేను.”

“తప్పకుండా సార్. మా సహకారం పూర్తిగా ఉంటుంది,” అని చైతన్యకృష్ణ నమస్కారం పెట్టి, ఫోను చెవికి ఆనించుకుంటూ బయటికి వెళ్లాడు.

టైము మూడు నలభై. మల్లేశ్వరి ఫోన్లో రాజేశ్వరి నంబరు వెతికి శాంతి చేతికిచ్చింది. రెండుసార్లు చేసినా ఎత్తలేదు. పది నిమిషాలాగి మూడోసారి చేస్తే, నాలుగు రింగుల తర్వాత అటువైపు ఎత్తారు. తొడిమలు తుంచుతున్న చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు.

“రాజేశ్వరీ, నేను శాంతిని. రక్తం తీసుకున్న డాక్టర్ని. ఇప్పుడు నీ ఒంటి మీద ఉన్న చొక్కా ఎవరిది?”

ఆమె కుప్ప దగ్గర్నుంచి లేచి పక్కకు వచ్చినట్టుంది, చప్పుళ్లు తగ్గాయి.

“మా ఆయనది మేడం.”

“ఏ చొక్కా?”

“ఆఖరి రోజుది. చేలో మందు కొట్టొచ్చి, కళ్లు మసకలంటూ మంచం మీద పడిపోయిన్నాడు తొడుక్కున్నది. ఆసుపత్రిలో ఇప్పి నా చేతికిచ్చారు. గుండాగిపోయిందన్నారు.” ఆమె ఏడవలేదు. చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటల్లా చెప్పింది. “ఉతకలేదు మేడం. ఉతకబుద్ధి గాలేదు. ట్రంకు పెట్లో అట్టాగే పెట్టా. ఈ కార్తీకంలో రెండో సంవత్సరీకం అయినాక తీశా. అది తొడుక్కుంటే పక్కనే కూచున్నట్టుంటది.”

శాంతి కళ్లు మూసుకుంది. పురుగుమందు చీకట్లో, పెట్టెలో, ఎండా నీళ్లూ తగలకుండా ఎంతకాలం ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ సంగతి ఈ మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు.

“ఆ రోజు ఏం మందు కొట్టాడు? గుర్తుందా?”

“పేరు లేదు మేడం. తెల్ల డబ్బా, మీద కాగితం గూడా లేదు. ఎవరో కారులో వచ్చి ఊరికే ఇచ్చిపోయారు. రెండెకరాల్లో కొట్టి చూడు, పురుగు పోతే ఫోటోలు పంపు, మీకే మంచిది అన్నారు. మా ఆయన పోయినాక ఆ మిగిలిన డబ్బా గూడా ఆ ఇచ్చినాయనే వచ్చి తీసుకుపోయాడు.”

శాంతికి లెక్క కుదిరింది: అవే నూట పన్నెండు జన్యువులు, అంటే అదే మందు. పచ్చబలం పోయినేడాది పుట్టలేదు. పేరు పెట్టకముందే, ఎవరి అనుమతీ లేకుండా, కోటిలింగం చేలో, కోటిలింగం ఒంటి మీదే దాన్ని పరీక్షించి చూశారు. దానికి మిగిలిన సాక్ష్యం మొత్తం ప్రపంచంలో ఒకే ఒక్క చొక్కా.

“ఆయన ఎవరు? పేరు చెప్పాడా?”

“చెప్పలేదు. మర్యాదస్తుడే, నన్ను అక్కా అన్నాడు. మాట్లాడినంతసేపూ యాలక్కాయలు నమిలాడు. మా ఆయనకు గూడా ఒకటి పెట్టాడు.”

శాంతి తల తిప్పి చూసింది. బల్లకు అటువైపు గుమాస్తా ఒక్కడే కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాడు. చైతన్యకృష్ణ కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు నాలుగు యాలక్కాయ తొక్కలు పడి ఉన్నాయి.

“మీ సారు ఏరీ?”

“చొక్కాల కోసం వెళ్లారు మేడం,” అన్నాడు గుమాస్తా అమాయకంగా. “మీరు ఫోన్లో బిజీగా ఉన్నారని ముందే బయల్దేరారు. పావుగంటైంది.”

నల్లపాడు రోడ్డుకు పావుగంట చాలు.

“రాజేశ్వరీ, విను!” శాంతి మెట్ల వైపు పరిగెత్తుతూ అరిచింది. వెనక మల్లేశ్వరి చీర కుచ్చెళ్లు పట్టుకుని పరిగెడుతోంది. “ఆ చొక్కా విప్పి ఒక కవర్లో పెట్టు. నీ దగ్గరే ఉంచుకో. నేను వచ్చేదాకా ఎవరు అడిగినా, ఏమిచ్చినా ఇవ్వొద్దు. వింటున్నావా?”

“నేనెవరికిస్తాను మేడం, ఇది...”

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. కారు తలుపు వేసిన చప్పుడు, ఆడవాళ్లు పక్కకు జరుగుతున్న చప్పుడు. రాజేశ్వరి గొంతు బాగా తగ్గిపోయింది.

“మేడం... ఆ రోజు డబ్బా ఇచ్చినాయన. ఇక్కడికే వస్తన్నాడు.”

ఆ తర్వాత ఫోన్లో ఒక మగ గొంతు చాలా దగ్గరగా, చాలా మర్యాదగా వినపడింది.

“అక్కా, రాజేశ్వరిగారంటే మీరేనా?”